తట్టి చూసే షఫీ

షఫీ ఎవరింటికి పోయినా ముందు అడిగేది మంచినీళ్లు కాదు, స్నానాలగది. చెప్పులు గడప బయట విడిచి, "అమ్మా, మీ బాత్‌రూమ్ ఒకసారి చూడొచ్చా?" అంటాడు. ఆ ఇంటావిడ మనిషిని ఎగాదిగా చూస్తుంది. నలభై దాటని వయసు. మోకాళ్లు వంగనట్టు బిర్రుగా నడక, చేతిలో కర్ర. పాపం, ఎంత దూరం నుంచి వస్తున్నాడో, అర్జెంటేమో అనుకుని దారి చూపిస్తుంది. తీరా లోపలికి పోయినవాడు తలుపు వేసుకోడు. బకెట్ నిండా నీళ్లు పట్టి, దూరంగా ఉన్న మూలలో ఒక్కసారిగా కుమ్మరించి, చేతులు కట్టుకుని నిలబడతాడు. ఆ నీళ్లు ఎక్కడా ఆగకుండా తూములోకి పోయాయా, మొహం చాటంత అవుతుంది. మధ్యలో ఎక్కడైనా మడుగు కట్టాయా, తన పెళ్లిలో వాన పడినట్టు మొహం పెడతాడు.

ఇదే అతని ఉద్యోగం. తమాషా కాదు, జీతమొచ్చే ఉద్యోగమే.

ఆత్మకూరులో ఒక ట్రస్టు వాళ్లు టైల్స్ పని నేర్పే సెంటర్ పెట్టారు. ఉదయగిరి, సీతారామపురం, సోమశిల వైపుల నుంచి చదువు సాగని పిల్లలు వచ్చి చేరతారు. కొన్నాళ్లు సెంటర్ షెడ్డులో నేర్చుకుంటారు, కొన్నాళ్లు మేస్త్రీల కింద పని చేస్తారు, సర్టిఫికెట్టు తీసుకుని ఎవరి దారిన వాళ్లు పోతారు. పోయిన తర్వాత ఏమయ్యారు? నేర్పింది చేతిలో నిలిచిందా, షెడ్డులోనే మిగిలిపోయిందా? డబ్బులు పెట్టేవాళ్లకి అది తెలియాలి. తెలియాలంటే ఎవరో ఒకరు కొలవాలి. ఆ కొలిచే పని షఫీది.

సెంటర్ మేనేజర్ రాజమోహన్ మొదట్లో కొలతకి ఫోన్‌ను నమ్ముకున్నాడు. పాత బ్యాచ్ పిల్లలకి ఫోన్ చేసి, పనిలో ఉన్నావా, ఖాళీగా ఉన్నావా అని అడగమన్నాడు. షఫీ రోజంతా ఫోన్లు చేశాడు. చాలామంది ఎత్తలేదు. ఎత్తినవాళ్లంతా ఖాళీగా ఉన్నామన్నారు. రాజమోహన్ తల పట్టుకుని కూర్చుంటే షఫీ నవ్వాడు.

"సార్, చేతులు సిమెంటులో ఉన్నోడు ఫోన్ ఎట్టా ఎత్తుతాడు? ఎత్తినోడు టీ బంకు కాడ ఉన్నోడు. ఎత్తనోళ్లంతా పనిలో ఉన్నట్టు."

"ఫోన్ ఎత్తలా కాబట్టి పాస్ అని పైకి రాయమంటావా?"

"ఫోన్లు వదిలెయ్యండి. వాళ్లు పని చేసిన ఇళ్లకి నేనే పోతా. పిల్లకాయలు నోటితో ఏమైనా చెప్తారు, పరిచిన నేల కాడ కతలు చెల్లవు."

అలా మొదలైంది ఈ బకెట్ తిరుగుడు. షఫీకి అది ఒంటికి పట్టింది. ఒకచోట కూర్చోలేని మనిషి. బైకు, ఎండ, తెలియని ఊళ్లు, తెలియని వాళ్ల స్నానాలగదులు. ఇంతకన్నా ఏం కావాలి?

* * *

షఫీది ఉదయగిరి. వాళ్ల నాయన లారీ డ్రైవరు. కొడుకు ఇంటర్ రెండోసారి తప్పినప్పుడు ఆయన తిట్టలేదు, కొట్టలేదు. చెయ్యి పట్టుకుని తీసుకుపోయి మదార్ సాహెబ్ ముందు నిలబెట్టి, "వీడు నీ వాడు" అని లారీ ఎక్కి వెళ్లిపోయాడు.

ఉదయగిరి చుట్టుపక్కల టైల్స్ అంటే మదార్ సాహెబే. ఆయన దగ్గర పని నేర్చుకోవడమంటే ఆయన చెవికి భయపడటం నేర్చుకోవడం. ఎందుకంటే టైల్ కింద మాలు నిండుగా ఉండాలి. మాలు అంటే ఇసకా సిమెంటూ కలిపిన ముద్ద. అది ఏ మూల తగ్గినా అక్కడ గాలి చేరుతుంది. పైకి చూస్తే ఏమీ తెలియదు, నేల అద్దంలా మెరుస్తూనే ఉంటుంది. తట్టితే బయటపడుతుంది. నిండుగా ఉన్నచోట 'టక్' అని పొట్టిగా, బండలా మోగుతుంది. గాలి చేరిన చోట 'డబ్ డబ్' అని డోలులా మోగుతుంది. దాన్నే గుల్ల అంటారు. గుల్ల మీద గ్యాస్ సిలిండర్ దబ్బున దించితే టైల్ పగులుతుంది. ఎండలు ముదిరితే ఊడి లేస్తుంది.

మధ్యాహ్నం మదార్ సాహెబ్ వసారాలో కూర్చుని క్యారియర్ విప్పేవాడు. లోపలి గదిలో శిష్యులు తాపీ పిడితో ఒక్కో టైల్ తట్టుకుంటూ పోయేవాళ్లు. ఆయన అటు చూసేవాడే కాదు. అన్నం కలుపుకుంటూ ఉన్నట్టుండి గోడ అవతలి నుంచి ఒక్క మాట అనేవాడు.

"అది తియ్యరా."

ఏదో ఆయనకి తెలుసు, తట్టినవాడికీ తెలుసు. తీయాల్సిందే. ఒకసారి షఫీ తెలివికి పోయి, గుల్ల మోగే టైల్‌ని వదిలేసి దాని పక్కదాన్నే రెండుసార్లు తట్టాడు. వసారాలోంచి మాట వచ్చింది.

"ఒకేదాన్ని రెండుసార్లు తట్టి నన్నే మోసం చేస్తావంట్రా బద్మాష్."

ఆ దెబ్బతో షఫీ దారిలో పడ్డాడు. తర్వాత చాలా ఏళ్లు చెన్నైలో అపార్ట్‌మెంట్లకి నేలలు పరిచాడు. గొంతుకూర్చుని గొంతుకూర్చుని మోకాళ్లు అరిగిపోయాయి. ఇక గొంతుకూర్చోవద్దని డాక్టర్ చెప్పాడు. టైల్స్ మేస్త్రీకి ఆ మాట చెప్పడమంటే ఈత రానివాణ్ణి నీళ్లలోకి తోసెయ్యడమే. పని మానేసి ఊరొచ్చి పడ్డాడు. ఆ రోజుల్లోనే ఈ సెంటర్ ఉద్యోగం దొరికింది. నేర్పేవాడు కావాలని రాజమోహన్ వెతుకుతుంటే షఫీయే వెళ్లి మదార్ సాహెబ్‌ని బతిమాలి తీసుకొచ్చాడు. అరవై దాటిన మనిషి, ఇంట్లో కూర్చుని ఏం చేస్తాడు? ఆయన వచ్చాక షెడ్డుకి కళ వచ్చింది. కానీ అక్కడి నుంచి ఉస్తాద్ మంచీ చెడ్డా కూడా షఫీ నెత్తికి చుట్టుకుంది.

ఈసారి మూడో బ్యాచ్ బయటికి పోయి కొన్ని నెలలైంది. రాజమోహన్ షఫీని పిలిచి తలుపు దగ్గరగా వేశాడు.

"పైవాళ్లు ఏదో వీడియో పాఠాల కంపెనీతో మాట్లాడతా ఉండారు. ఈ బ్యాచ్ పని ఎట్టా ఉండాదో చూసి, మదార్ సాహెబ్‌ని ఉంచేదా, పంపించేదా తేలుస్తారంట. నువ్వు తిరిగి రా. నువ్వేం చెప్తే అదే రాస్తాను."

"నేనా సార్? ఆయన నా ఉస్తాద్."

"అందుకే చెప్తా ఉండా. మొహమాటానికి పోయినావంటే నాకు తెలిసిపోతాది."

"మొహమాటం ఎందుకు సార్? ఆయన చేతికింద తయారైన పిల్లకాయలు. నీళ్లు పోస్తే తూము ఎక్కడుందో అవే వెతుక్కుంటా పోతాయి చూడండి."

ఆ మాట అన్నప్పుడు షఫీకి అనుమానం లేదు. ఉస్తాద్‌ని నిలబెట్టే రిపోర్టు జేబులో ఉన్నట్టే బైకు ఎక్కాడు.

* * *

సీతారామపురంలో ఓబమ్మ కొత్తిల్లు. ఆ ఇంటి నేల పరిచింది పెంచలప్రసాద్, బ్యాచ్‌లో అందరికన్నా చురుకైనవాడు. పక్క వీధిలో పని చేస్తున్నవాడు షఫీ వస్తున్నాడని తెలిసి చేతులు కడుక్కుని ముందే వచ్చి నిలబడ్డాడు. ఓబమ్మ మాత్రం తలుపుకి అడ్డంగా నిలబడింది.

"ఎవరు నాయనా నువ్వు? బాత్‌రూమ్ చూసేదానికి ఆత్మకూరు నుంచి వచ్చినావా? మీ ఊళ్లో లేవా?"

"ఉండాయమ్మా. మా వాడు పని ఎట్టా చేసినాడో చూద్దామని."

"వాడు నీ కొడుకా?"

"మా సెంటర్లో నేర్చుకున్న పిల్లోడు."

"అయితే పిల్లోణ్ణి చూసుకో. బాత్‌రూమ్‌లో ఏం చూస్తావు?" అని, సరేలెమ్మని దారి ఇచ్చింది.

షఫీ బకెట్ కుమ్మరించాడు. నీళ్లు ఒక్క క్షణం ఆలోచించినట్టు ఆగి, చకచకా తూము వైపు నడిచాయి. ఒక్క చుక్క వెనక పడలేదు. షఫీ గుండె నిండిపోయింది. ఇదిరా వాటం అంటే. నేల వాలు ఇంత సన్నగా ఇవ్వడం మదార్ సాహెబ్ శిష్యులకే చెల్లు. టైల్స్ మధ్య గీతలు దారం పట్టినట్టు ఉన్నాయి. తూము చుట్టూ కోసిన ముక్కలు పువ్వు రేకుల్లా అమరాయి.

"బాగా చేసినావురా," అన్నాడు.

పెంచలప్రసాద్ తల వంచుకుని ముసిముసిగా నవ్వాడు. షఫీ హాల్లోకి వచ్చి, పోతూ పోతూ అలవాటు కొద్దీ కర్రతో నేలని తట్టాడు.

డబ్.

ఇంకోటి తట్టాడు. డబ్ డబ్. కిటికీ కింద తట్టాడు, తలుపు దగ్గర తట్టాడు. హాలు హాలంతా డోలు వాయించినట్టు మోగింది. వెనక నుంచి పెంచలప్రసాద్ సంబరంగా అన్నాడు.

"విన్నావా అన్నా, ఎట్టా మోగతా ఉండాదో. మా బ్యాచ్‌లో నాదే బాగా మోగేది."

షఫీ మెల్లగా వెనక్కి తిరిగాడు.

"మోగాలని ఎవరు చెప్పినార్రా నీకు?"

"ఉస్తాదే గదన్నా. మేం తట్టి చూపిస్తే తలూపేవాడు, శభాష్ అనేవాడు. మాతో నేర్చుకున్న వంశీది టక్కుమంటే శభాషే, నాది డబ్బుమంటే నాకు ఇంకా పెద్ద శభాష్. నేను ఒకటి కనిపెట్టినా అన్నా. మాలు మధ్యలో ఒక ముద్ద వేసి మూలలకి తగ్గిస్తే ఇంకా బాగా మోగతాది. మాలు కూడా కలిసొస్తాది."

షఫీకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. వీడు దొంగపని చేసి దాచుకుంటే ఒక తిట్టు తిట్టి పోయేవాడు. వీడు గుల్లని మెచ్చుకోలుగా నేర్చుకున్నాడు. శ్రద్ధగా నేర్చుకున్నాడు. పైగా అందులో కొత్త పద్ధతి కనిపెట్టాడు.

"ఏందన్నా, బాలేదా?" అన్నాడు పెంచలప్రసాద్, మొహం చిన్నబుచ్చుకుని.

"నీళ్ల వాటం బ్రహ్మాండంగా ఉండాది. మిగతాది మళ్లీ మాట్లాడతా," అని షఫీ బైకు ఎక్కాడు.

దారి పొడుగునా సర్దిచెప్పుకున్నాడు. ఒక్కడు తప్పుగా అర్థం చేసుకుంటే బ్యాచ్ అంతా అంతేనా? పిల్లోడు అతితెలివికి పోయుంటాడు. ఉస్తాద్ గుల్లకి శభాష్ అనడమేంటి? సూర్యుడు పడమట పొడుస్తాడా?

సోమశిలలో నవ్యశ్రీ ఇంటికి పోయాడు. బ్యాచ్‌లో ఒక్కతే ఆడపిల్ల, మాట సూటిగా ఉంటుంది. డ్యామ్ కింద ఊరు పోతే ఇటు వచ్చి స్థిరపడిన కుటుంబం వాళ్లది. నేర్చుకున్న పనితో ఆ పిల్ల మొదట సొంత ఇంటి నేలే పరిచింది. షఫీ ముందు గదిలో తట్టాడు. డబ్. లోపలి గదిలో తట్టాడు. టక్.

"ఏది బాగుండాదన్నా?" అంది నవ్యశ్రీ, పరీక్ష పెట్టినదానిలా.

"లోపలిది."

"అనుకున్నా. ముందు గది ఉస్తాద్ మెచ్చుకున్న తీరున వేసినా. మా అమ్మ దాంట్లో నడిచి, కింద నుంచి ఎవరో తలుపు కొట్టినట్టు ఉండాదే అనింది. దాంతో లోపలి గదికి మాలు నిండుగా వేసినా. అదే నయమనిపించింది."

"మరి ఉస్తాద్‌ని అడగొచ్చు గదా?"

"సెంటర్లో ఉన్నప్పుడే అడిగినా. ఉస్తాద్, ఇది గుల్లగా ఉండాదే అన్నా. తిన్నానమ్మా, నువ్వు తిన్నావా అన్నాడు."

షఫీ నవ్వలేదు. నవ్యశ్రీ నవ్వు కూడా సగంలో ఆగింది.

"తమాషాకి అన్నాడనుకున్నా అన్నా. అంత పెద్దాయన్ని రెండోసారి ఏం అడుగుతాం?"

షఫీకి ఒకటొకటే గుర్తుకు రాసాగాయి. ఈ మధ్య ఉస్తాద్ ఫోన్ చేస్తే తను చెప్పాల్సింది చెప్పి "సరే సరే, పెట్టేస్తా ఉండా" అని పెట్టేసేవాడు. షెడ్డులో ఎవరితోనైనా తనే ఎక్కువ మాట్లాడేవాడు. ఎదుటివాడి మాట వచ్చేసరికి తలూపేవాడు. పెద్దరికం వచ్చింది అనుకున్నాడు షఫీ. వచ్చింది పెద్దరికం కాదు.

* * *

మదార్ సాహెబ్ ఇంట్లో టీవీ వీధి మొదట్లోకే వినపడింది. ఉస్తాద్ ముందు గదిలో మంచం మీద కూర్చుని అటు తిరిగి ఉన్నాడు. షఫీ ఆయన్ని పలకరించకుండా పక్క సందులోంచి పెరటి వైపు పోయి వంటింట్లో దూరాడు. ఉస్తాద్ భార్య కరీంబీ ఉల్లిపాయలు తరుగుతోంది. పిన్నమ్మ వరస. చిన్నప్పటి నుంచీ ఖాలా అని పిలుస్తాడు.

"దొంగ మాదిరి ఈ దారిన వచ్చినావేంది బేటా?"

షఫీ నోటి మీద వేలు పెట్టి, స్టవ్ ముందుకి నడిచాడు.

అక్కడ ఒక టైల్ ఉంది. పని నేర్చుకునే రోజుల్లో షఫీ వేసింది. గుల్ల. ఇల్లంతా సరిచేసినా మదార్ సాహెబ్ ఆ ఒక్కదాన్నీ తీయనివ్వలేదు. "ఉండనీ. మీ ఖాలా తొక్కినప్పుడల్లా నీ పరువు మోగతాది" అన్నాడు. ఆ తర్వాత ఇన్నేళ్లుగా అదొక ఆట అయిపోయింది. కరీంబీ వంట చేస్తూ దాని మీద కాలు వేస్తే చాలు, ముందు గదిలోంచి ఉస్తాద్ గొంతు వినిపించేది. "షఫీ వచ్చినాడా?"

షఫీ కర్ర ఎత్తి ఆ టైల్ తట్టాడు. డబ్. ముందు గదిలోంచి మాట లేదు. టీవీ కట్టేసి రమ్మన్నట్టు సైగ చేశాడు. కరీంబీ పోయి కట్టేసి వచ్చింది. ఇల్లు నిశ్శబ్దమైంది. గట్టిగా తట్టాడు. డబ్. డబ్. గిన్నెలు కదిలాయి.

మాట లేదు.

కరీంబీ కళ్లు దించుకుంది. "ఏడాది నుంచీ పిలవడంలా బేటా," అంది నెమ్మదిగా. "నేనూ తొక్కతానే ఉండా."

"చెప్పొద్దా ఖాలా నాకు?"

"చెప్తే పనికి వద్దంటారని నా చేత ఒట్టు వేయించుకున్నాడు. పని లేకుంటే ఆయన బతుకుతాడా?"

ఇద్దరూ ముందు గది గుమ్మంలోకి వచ్చారు. టీవీ ఎందుకు ఆగిందా అని చూస్తున్న మదార్ సాహెబ్‌కి వీళ్లిద్దరి మొహాలు కనపడ్డాయి. షఫీ చేతిలో కర్ర కనపడింది. వంటింటి వైపు ఒకసారి చూశాడు. మళ్లీ షఫీని చూశాడు.

"తట్టినావా?"

షఫీ తలూపాడు.

"నేను పిలవలా."

షఫీ మళ్లీ తలూపాడు. మంచం పక్కన కుర్చీ లాక్కుని, ఆయన చెవి దగ్గరికి వంగి గట్టిగా చెప్పాడు. సీతారామపురం చెప్పాడు, సోమశిల చెప్పాడు. నీళ్ల వాటం ఎంత అందంగా ఉందో చెప్పాడు. డోలు మోత చెప్పాడు. మదార్ సాహెబ్ నేల చూపులు చూస్తూ విన్నాడు.

"కటింగ్ మిషన్‌రా," అన్నాడు చివరికి. "జన్మంతా దాని కాడే గదా. చెవులు తినేసింది. పిల్లకాయలు తట్టేటప్పుడు నేను చేతులు చూస్తా. తట్టే చెయ్యి తీరుగా ఉంటే కింద కూడా సరిగ్గా ఉంటాదిలే అనుకున్నా. నాకు నేను చెప్పుకున్నా. ఏ మోత మంచిదో నోటితో ఎప్పుడూ చెప్పలా, తియ్యమంటేనే తెలిసేది గదా మీకు."

"పెంచలప్రసాద్ ఏం చేసినాడో తెలుసా ఉస్తాద్? మోత పెరగాలని మాలు తగ్గించినాడు."

మదార్ సాహెబ్ తల ఎత్తాడు. "కావాలనే తగ్గించినాడా?"

"మీరు పెద్ద శభాష్ అన్నారంట."

ముసలాయన భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడేమోనని కరీంబీ ముందుకు వచ్చింది. నవ్వుతున్నాడు. కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాడు.

"వాడికి బుర్ర ఉండాదిరా. నేను తప్పు దోవ చూపిస్తే ఆ దోవలో నాకన్నా ముందుకి పోయినాడు." నవ్వు ఆగిపోయింది. తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "రాజమోహన్‌కి ఉన్నదున్నట్టు చెప్పు."

"చెప్తే మిమ్మల్ని పంపించేస్తారు."

"పంపిస్తే పంపిస్తారు. గుల్ల నేలల మీద నా పేరు మోగేదానికన్నా అదే నయం. పోరా. ఏం చూస్తా ఉండావు? పో."

* * *

మరునాడు ఆత్మకూరులో రాజమోహన్ ముందు షఫీ నిలబడి చెప్పాడు. కుర్చీ ఇచ్చినా కూర్చోలేదు.

"వాటం వచ్చింది సార్. కోత వచ్చింది, గీత వచ్చింది. చెయ్యి బాగా తిరిగింది. చెవి రాలా."

"చెవి రాకపోవడమేంది?"

మొత్తం చెప్పాడు. ఏదీ దాచలేదు, ఏదీ మెత్తగా చెప్పలేదు. రాజమోహన్ కిటికీలోంచి షెడ్డు వైపు చూశాడు.

"ఎంత మంచి మేస్త్రీ," అన్నాడు. "అయితే ఇంక వీడియో కంపెనీయే గదా షఫీ. వేరే దోవేముంది?"

షఫీ ఈ ప్రశ్న కోసమే ఉదయగిరి నుంచి ఆత్మకూరు దాకా బైకు మీద జవాబు వెతుక్కుంటూ వచ్చాడు.

"సార్, పిల్లకాయ ఇక్కడ టైల్ తడితే వీడియోలో ఉన్నాయనకి వినపడతాదా?"

"వినపడదు."

"ఉస్తాద్‌కి ఇప్పుడు వినపడదు. ఆ వీడియో ఆయనకి ఎప్పుడూ వినపడదు. చెవిటోణ్ణి తీసేసి ఇంకా పెద్ద చెవిటోణ్ణి తెచ్చుకున్నట్టు ఉంటాది."

రాజమోహన్‌కి నవ్వు వచ్చింది, ఆపుకున్నాడు. "మరి ఎవురు వింటారు?"

"నేను. నాకు మోకాళ్లు లేవు, ఆయనకి చెవులు లేవు. ఇద్దర్నీ కలిపితే ఒక మేస్త్రీకి తక్కువ కాదు. తట్టే పాఠం ఉన్న రోజు నేను వచ్చి వసారాలో కూచుంటా. మిగతా రోజులు నా బకెట్ తిరుగుడు నాకు ఉండనే ఉండాది. బయట ఉన్న పిల్లకాయల్ని మళ్లీ పిలిపిద్దాం. గుల్ల ఉన్నకాడ వాళ్లే తీసి వాళ్లే వేస్తారు."

"పైవాళ్లు ఒప్పుకోవాలే."

"మీరు రాయండి సార్. ఒప్పుకోకుంటే అప్పుడు చూద్దాం."

రాజమోహన్ రాశాడు, షఫీ చెప్పింది చెప్పినట్టు. పైవాళ్ల దగ్గర్నుంచి జవాబు రావడానికి కొన్ని వారాలు పట్టింది. ఆ వారాలు షఫీ అన్నం సరిగ్గా తినలేదని భార్య గుల్షన్ ఇప్పటికీ దెప్పుతుంది. జవాబు చిన్నదే. ఆయన్ని ఉంచండి, షఫీ వినాలి, పాత నేలలు సరిచేయాలి. రాజమోహన్ ఫోన్ చేసి కారణం అడిగితే అవతలివాళ్లు చెప్పారట, ఇన్నాళ్లూ తమకు వచ్చిన రిపోర్టులన్నింట్లో శిక్షణ బాగుంది అనే ఉండేదని, ఏది బాగుందో ఏది బాగాలేదో విడదీసి చెప్పింది ఇదొక్కటేనని.

మూడో బ్యాచ్ పిల్లలు మళ్లీ షెడ్డుకి వచ్చారు. మదార్ సాహెబ్ వాళ్ల ముందు నిలబడి, డొంకతిరుగుడు లేకుండా చెప్పాడు. "నాకు చెవుడు వచ్చింది. మీకు తప్పు నేర్పినా. ఇప్పుడు సరిగ్గా నేర్చుకోండి." తర్వాత కటింగ్ మిషన్ చూపించి, "దీని కాడికి పోయేటప్పుడు చెవుల్లో దూది పెట్టుకోనోడు నా షెడ్డులోకి రావొద్దు" అన్నాడు. దూది ఉండ పెట్టుకోకుండా మిషన్ ముట్టుకున్నవాణ్ణి ఇప్పుడు ఆయన చెవి పట్టుకునే బయటికి లాగుతాడు.

పెంచలప్రసాద్ ఓబమ్మ హాలంతా తీసి మళ్లీ పరిచాడు. మాలు నిండుగా, మూలమూలకీ సర్ది. షఫీ పోయి తట్టి చూశాడు. టక్, టక్, టక్. ఎక్కడా గుల్ల లేదు. ఓబమ్మ మాత్రం పెదవి విరిచింది.

"ముందర ఎంత బాగా మోగేది నాయనా. మా మనవరాలు దాని మీద ఎగిరి ఆడుకునేది. ఇప్పుడు చూడు, మూగది మాదిరి ఉండాది."

"అదే మంచి నేలమ్మా."

"ఏం మంచో ఏమో. నీకు బాత్‌రూమ్‌లు చూసే పిచ్చి, వీడికి నేలలు తవ్వే పిచ్చి."

పెంచలప్రసాద్ పొట్ట పట్టుకుని నవ్వాడు.

ఇప్పుడు కొత్త బ్యాచ్ నడుస్తోంది. తట్టే పాఠం రోజున షఫీ వసారాలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, కాళ్లు చాపుకుని, క్యారియర్ విప్పుతాడు. లోపల టకటకలు సాగుతుంటాయి. మధ్యలో ఒకటి తేడాగా పడుతుంది.

"అది తియ్యరా," అంటాడు షఫీ, అన్నం కలుపుతూ.

లోపల పిల్లవాడి చెయ్యి ఆగుతుంది. మదార్ సాహెబ్ వాడి మొహం చూస్తాడు. "ఏమన్నాడు?"

"తియ్యమన్నాడు ఉస్తాద్."

"అయితే ఇంకా నన్ను చూస్తావేంది? తియ్." తీసిన చోట ఆయనే వంగి, వేలితో చూపిస్తాడు, మాలు ఎక్కడ తగ్గిందో, తాపీ ఎటు తిప్పాలో. అక్కడికి వచ్చేసరికి ఆయన్ని మించినవాడు ఈ చుట్టుపక్కల ఇప్పటికీ లేడు.

నెల్లూరు తీసుకుపోయి చెవికి మిషన్ పెట్టించారు. షెడ్డులో పెట్టుకోడు, టైల్స్ కోసే చప్పుడు దాంట్లో రంపంలా దిగుతుందని. ఇంట్లో మాత్రం పెట్టుకుంటాడు. పెట్టుకున్న మొదటి రోజు టీవీ సౌండు తగ్గించమని ఆయనే కసిరితే కరీంబీకి ఏం చెయ్యాలో తోచలేదట. తిన్నగా వంటింట్లోకి పోయి స్టవ్ ముందు నిలబడి, ఆ గుల్ల టైల్ మీద కాలు వేసిందట.

"షఫీ వచ్చినాడా?"

రాలేదు. షఫీ ఆ పూట ఎక్కడో ఎవరింట్లోనో బకెట్‌తో నీళ్లు పడుతున్నాడు. అయినా కరీంబీ "వచ్చినాడు, వచ్చినాడు" అని కేక వేసి, మళ్లీ ఇంకోసారి తొక్కింది.